మనల్ని కొలిచిన దొర: ఎడ్గార్ థర్‌స్టన్ జీవితం, మనకు మిగిలిన పని

మన సంచికల్లో సాధారణంగా మన పెద్దల జీవితాలే రాసుకుంటాం. ఈసారి ఒక ఇంగ్లీషు దొర జీవితం రాసుకుంటున్నాం. మన ఊరి పేరులోనే ఒక దొర ఉన్నాడు. ఆ దొర సంగతి వేరు. ఈయన పేరు ఎడ్గార్ థర్‌స్టన్. మద్రాసు ప్రభుత్వ మ్యూజియానికి ఇరవై ఏళ్లకు పైగా పెద్దగా పనిచేసినవాడు. దక్షిణ భారతంలోని కులాలు, తెగల మీద ఏడు సంపుటాల పుస్తకం తెచ్చినవాడు. ఆయన చనిపోయి తొంభై ఏళ్లయింది.

దొరవారిసత్రం, సూళ్లూరుపేట, నాయుడుపేట వైపు కాలనీల్లో పుట్టి పెరిగిన తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ ఆయన ఎందుకు తెలియాలి? కాలేజీలో ఎవరైనా యానాదుల మీద ప్రాజెక్టు రాస్తే మొదట ఆయన పుస్తకమే తిరగేస్తారు. పరిశోధకులు ఆయన్ను చూసి రాస్తారు, వాళ్లను చూసి మరొకరు రాస్తారు. మన గురించి లోకం చెప్పుకునే మాటల్లో చాలా మాటలు ఆ మ్యూజియం గదిలోంచి బయటికొచ్చినవే. అవి ఎలా పుట్టాయో, పుట్టించినవాడు ఎలా పనిచేశాడో తెలిస్తేనే వాటిలో ఏది ఉంచుకోవాలో, ఏది పారెయ్యాలో మనం తేల్చుకోగలం.

డాక్టరు చదువు, మ్యూజియం కొలువు

థర్‌స్టన్ 1855లో ఇంగ్లండులో పుట్టాడు. కలిగిన కుటుంబాల పిల్లలు చదివే ఈటన్ బడిలో చదువుకున్నాడు. తర్వాత లండన్ కింగ్స్ కాలేజీలో వైద్యం చదివి 1877లో డాక్టరయ్యాడు. కొంతకాలం మానసిక రోగుల ఆసుపత్రిలో వైద్యుడిగా ఉన్నాడు. అక్కణ్ణుంచి కింగ్స్ కాలేజీలోనే ఉన్న మ్యూజియానికి క్యురేటర్‌గా వెళ్లాడు. క్యురేటర్ అంటే మ్యూజియంలోని వస్తువుల బాధ్యత మోసేవాడు. ఆ పనిలోనే ఆయన జీవితం మలుపు తిరిగింది. 1885లో మద్రాసు మ్యూజియం సూపరింటెండెంటుగా మన దేశానికి వచ్చాడు. అప్పటికి ముప్పై ఏళ్ల వయసు.

మద్రాసు మ్యూజియం 1851లో మొదలైంది. తొలి పెద్ద ఎడ్వర్డ్ బాల్ఫర్ అనే డాక్టరు. మొదట రాళ్లు, ఖనిజాలు, చచ్చిన జంతువుల బొమ్మలు ఉండేవి. జనాన్ని రప్పించడానికి బాల్ఫర్ బతికున్న జంతువులను కూడా కొన్నాళ్లు అక్కడ పెట్టాడు. అవి తర్వాత వేరేచోటికి పోయి జంతు ప్రదర్శనశాల అయింది. మద్రాసు జనం ఈ రెంటికీ వాళ్ల పేర్లు వాళ్లు పెట్టుకున్నారు. జంతువులున్నది బతికిన కాలేజీ, మ్యూజియం చచ్చిన కాలేజీ. సెలవు రోజుల్లో పల్లెల నుంచి బండ్లు కట్టుకుని వచ్చి రెండూ చూసి పోయేవాళ్లు.

1854లో మ్యూజియం ఎగ్మూరులోని పాంథియాన్ భవనంలోకి మారింది. ఇప్పటికీ అక్కడే ఉంది. థర్‌స్టన్ వచ్చింది ఆ చచ్చిన కాలేజీకి. ఆయన కాలంలోనే ఆ ఆవరణలో కన్నెమరా గ్రంథాలయం కట్టి 1896లో తెరిచారు. రాతియుగపు పనిముట్లను వెతికి పోగుచేసిన రాబర్ట్ బ్రూస్ ఫుట్ తన సేకరణను 1904లో ఆ మ్యూజియానికే అమ్మాడు. అమరావతి స్తూపం శిల్పాలు అప్పటికే అక్కడికి చేరి ఉన్నాయి. ఒక్క ఆవరణలో రాయి, లోహం, చేప, పక్షి, నాణెం, నగ, ఆయుధం, మనిషి చేసిన సమస్త వస్తువులు. అన్నింటికీ ఒక్కడే పెద్ద.

వస్తువును కాపలా కాయడమంటే

మన తాతలు తోటలకూ పొలాలకూ కావలి కాశారు. మ్యూజియం పెద్ద పని కూడా ఒక రకంగా కావలే. దొంగలు ఒక్కరే కాదు, చెదలు, పురుగులు, ఉప్పుగాలి, చెమ్మ అన్నీ శత్రువులే. మద్రాసు లాంటి సముద్రపు ఒడ్డు ఊళ్లో ఇనుము తుప్పు పడుతుంది, తోలు బూజు పడుతుంది, వెదురు బుట్టను పురుగు తినేస్తుంది. వాటిని శుభ్రం చేయించాలి, మందు పెట్టించాలి, అద్దాల బీరువాల్లో సర్దించాలి.

అంతకన్నా పెద్ద పని రిజిస్టరు. మ్యూజియంలోకి ఒక వస్తువు వచ్చిందంటే దానికి ఒక నంబరు పడాలి. అది ఏమిటి, ఎక్కడిది, ఎవరిచ్చారు, ఏ తేదీన వచ్చింది, దేనికి వాడతారు అన్నవి రాసుకోవాలి. ఆ నంబరు వస్తువు మీద కనపడేలా వేయాలి. దాన్నిబట్టి పక్కన పెట్టే చీటీ తయారవుతుంది. రిజిస్టరులో లేని మాట చీటీలోకి రాదు. వచ్చిన రోజు రాయని సంగతి వందేళ్ల తర్వాత ఎవరూ కనిపెట్టలేరు. ఒక ఊత ఉందనుకోండి. నెల్లూరు జిల్లా చేపల బుట్ట అని మాత్రమే రాస్తే అది బుట్టగానే మిగిలిపోతుంది. ఏ వాగులో వేశారు, ఏ కాలంలో ఏ చేపకు వాడారు, అల్లింది ఏ అవ్వ అన్నది రాస్తే అది ఒక మనిషి బతుకు అవుతుంది. ఈ తేడా గుర్తు పెట్టుకోండి. చివర మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

థర్‌స్టన్ ఈ పనిలో చురుకైనవాడు. మొదట నాణేల మీద పడ్డాడు. మైసూరు నాణేలు, ఈస్టిండియా కంపెనీ నాణేల మీద పుస్తకాలు అచ్చువేశాడు. తర్వాత సముద్రం మీద పడ్డాడు. రామేశ్వరం, మన్నారు అఖాతం వైపు వెళ్లి పగడాలు, చేపలు, పీతలు, శంఖాలు సేకరించి తెచ్చాడు. ముత్యాల వేట, శంఖాల వేట గురించి రాసింది 1894లో మ్యూజియం బులెటిన్‌గా వచ్చింది. రెక్కలు విప్పినట్టుండే ఒక పెద్ద టేకు చేప జాతికి 1908లో ఆయన పేరే పెట్టారు. శాస్త్రంలో దాని పేరు మొబులా థర్‌స్టని. ఒక చేపకు మనిషి పేరు పెట్టి గుర్తుంచుకున్న లోకం, ఆయన ముందు నిలబడ్డ మనుషుల పేర్లు మాత్రం రాసుకోలేదు.

కొలతల పెట్టె

1894లో థర్‌స్టన్ బతుకులో రెండో మలుపు వచ్చింది. బెంగాల్ ఆసియాటిక్ సొసైటీ దగ్గర మనుషుల శరీరాన్ని కొలిచే పరికరాలు అరువు తెచ్చుకుని నీలగిరి కొండలకు వెళ్లాడు. అక్కడి తోడ, కోత, బడగ జనాల ఎత్తు, తల, ముక్కు, చేతులు కొలిచాడు. వాటిని బులెటిన్లుగా అచ్చువేశాడు. అప్పటినుంచి నాణేలూ చేపలూ వెనక్కి పోయాయి, మనుషులు ముందుకొచ్చారు. ఎగ్మూరు మ్యూజియంలోనే ఒక కొలతల గది ఏర్పాటు చేశాడు.

ఆ కాలంలో ఒక సిద్ధాంతం నడిచేది. ముక్కు వెడల్పును ముక్కు పొడవుతో భాగించి నూరుతో హెచ్చిస్తే ఒక అంకె వస్తుంది. ఆ అంకె తక్కువైతే పై కులం, ఎక్కువైతే కింది కులం అని బెంగాల్లో పనిచేసిన హెర్బర్ట్ రిజ్లీ అనే అధికారి వాదించాడు. మనిషి గౌరవం ముక్కులో ఉందన్నట్టు. తర్వాతి శాస్త్రం ఈ వాదాన్ని పూర్తిగా కొట్టేసింది. ముక్కు ఆకారానికీ తెలివికీ, ముక్కుకీ కులానికీ సంబంధం లేదని ఈరోజు బడిపిల్లవాడికీ తెలుసు. అప్పట్లో మాత్రం అదే శాస్త్రం. థర్‌స్టన్ దాన్ని అంతా కళ్లు మూసుకుని నమ్మలేదు. దక్షిణాదిన ఆ అంకెలు అన్నిచోట్లా ఆ వరసలో పడటం లేదని ఆయన పట్టికలే చూపిస్తాయి. అయినా కొలవడం మానలేదు.

కొలతల మీద ఆయన విశ్వవిద్యాలయ విద్యార్థులకు పాఠాలు చెప్పాడు, పోలీసు అధికారులకూ చెప్పాడు. వేలిముద్రల పద్ధతి పాతుకోకముందు నేరస్థులను గుర్తుపట్టడానికి పోలీసులు శరీరం కొలతలే వాడేవారు. మ్యూజియంలో జరిగే పనికీ ఠాణాలో జరిగే పనికీ మధ్య ఆ రోజుల్లో గోడ చాలా పల్చన. మనలాంటి వాళ్లు ఈ మాట మరిచిపోకూడదు.

సర్వే, ఫోనోగ్రాఫు, పారిపోయిన జనం

1901లో భారత ప్రభుత్వం దేశమంతటా కులాలు, తెగల సర్వే చేయాలని నిర్ణయించింది. మద్రాసు ప్రెసిడెన్సీలో ఆ పని థర్‌స్టన్‌కు అప్పగించారు. జీతం మ్యూజియం పనికి, సర్వే అదనపు పని. ఒడిశా సరిహద్దు నుంచి కన్యాకుమారి వైపు దాకా దాదాపు నాలుగు కోట్ల జనం ఉన్న దేశం అది. మ్యూజియం పని చూసుకుంటూనే ఆయన ఊళ్లు తిరిగాడు. వెంట కొలతల పరికరాలు, ఫొటోలు తీసే పెట్టె, పాటలు పట్టే ఫోనోగ్రాఫు ఉండేవి. మైనపు గొట్టం మీద గీతలుగా పాటను పట్టే యంత్రం అది. మన ఫోన్లో నొక్కితే పడే రికార్డింగుకు తాత లాంటిది.

ఈ పర్యటనల్లో జరిగినవి కొన్ని ఆయనే తన పుస్తకం మొదట్లో రాసుకున్నాడు. వయనాడు అడవుల్లో పణియ ఆడవాళ్లు ఆయన్ను చూడగానే పరుగుపెట్టారట. తమలో చక్కగా ఉన్నవాళ్లను పట్టుకుపోయి, చర్మంలో దూది కూరి మద్రాసు మ్యూజియంలో నిలబెడతాడని వాళ్ల భయం. థర్‌స్టన్ అది నవ్వుతూ రాశాడు. అలా చేయగలిగితే బొమ్మలు చేయించే తిప్పలు తప్పేవని ఒక హాస్యం కూడా జోడించాడు. మరోచోట ఒకాయన ఎత్తు కొలిచే నిలువు కొయ్యను చూసి ఉరికంబం అనుకుని హడలిపోయాడు. షెవరాయ్ కొండల మలయాళి జనం తమ భూములు లాక్కుని తమను అండమానుకు పంపేస్తారని అనుకున్నారు.

ఆ కథలు చదివి ఆనాటి తెల్లదొరలు నవ్వుకుని ఉంటారు. మనం నవ్వనక్కర్లేదు. పులినీ జింకనూ చంపి దూది కూరి నిలబెట్టిన ఇంటి యజమాని అడవిలోకి వచ్చి, వరసగా నిలబడండి కొలుస్తాను అంటే, ఆ ఆడవాళ్ల అనుమానం తెలివితక్కువది ఎలా అవుతుంది? భూములు పోతాయన్న భయం కూడా వట్టి భయం కాదు. కొండల్లో, అడవుల్లో, దీవుల్లో ఉన్న జనానికి ఆ తర్వాత ఏం జరిగిందో మనకు తెలుసు.

ఇంకో సంగతి. ఏడు సంపుటాల పని ఒక్క దొర వల్ల అయ్యేది కాదు. ఆయనకు మన భాషలు అంతంత మాత్రం. మ్యూజియంలో ఆయన కింద పనిచేసిన కె. రంగాచారి చెట్ల శాస్త్రం చదివినవాడు. ఊళ్లు తిరిగి, జనంతో మాట్లాడి, సమాచారం రాబట్టాడు. పుస్తకం మొదటి పేజీలో సహాయకుడిగా ఆయన పేరు వేశారు. జిల్లాల్లోని తహసీల్దార్లు, బడిపంతుళ్లు, గుమాస్తాలు ఎందరో రాసి పంపించారు. చెప్పిన జనం మాత్రం పేర్లు లేకుండానే ఉండిపోయారు.

మన గురించి ఏముంది

నెల్లూరు యానాదుల మీద టి. రంగారావు రాసిన పెద్ద వ్యాసాన్ని థర్‌స్టన్ 1901లో మ్యూజియం బులెటిన్‌లో అచ్చువేయించాడు. 1909లో ఏడు సంపుటాలు వచ్చాయి. ఇంగ్లీషు అక్షరాల వరసలో మన పేరు చివరికి వస్తుంది కాబట్టి మనం ఏడో సంపుటంలో ఉన్నాం. అక్కడ ఉన్నదాంట్లో చాలాభాగం రంగారావు సేకరించిందే.

మన గురించి మొదలుపెట్టడమే రంగు, ముక్కు, ఎత్తుతో మొదలవుతుంది. అది చదివితే మనసు చివుక్కుమంటుంది. అక్కడే పుస్తకం మూసేయకండి. లోపల దాచుకోదగ్గవి ఉన్నాయి. బండి, చిలకల, మేకల, పాముల, తుపాకుల లాంటి మన ఇంటిపేర్లు అందులో ఉన్నాయి. మీ ఇంటిపేరూ ఉండొచ్చు, వెతకండి. రెడ్డి యానాది, చల్లా యానాది లాంటి విభాగాలున్నాయి. మనం మొక్కే చెంచు దేవుడున్నాడు. తేనె, చింతపండు, కుంకుళ్లు, బట్టలకు ఎర్రరంగు ఇచ్చే చాయవేరు లాంటి అడవి సరుకు సేకరణ గురించి ఉంది. 1835లో శ్రీహరికోట దీవి ప్రభుత్వం చేతికి వచ్చిన సంగతీ, అక్కడి మనవాళ్లు ఆ అడవి సరుకు తెచ్చిపెట్టి బదులుగా కూలి పొందిన సంగతీ ఉంది. పాము కాటుకు, తేలు కాటుకు, నొప్పులకు మూలికలు తెలిసినవాళ్లుగా మనకున్న పేరు ఉంది.

ఒక ఫొటో ఉంది. మనవాళ్లు కర్రతో కర్రను చిలికి నిప్పు పుట్టిస్తున్న ఫొటో. కింద ఉన్న మాటల అర్థం యానాదులు నిప్పు చేస్తున్నారు అని మాత్రమే. వాళ్లెవరు? ఏ ఊరు? ఎవరి తాతలు? తెలియదు. అద్దం పలక మీద వెలుగు పడేదాకా కదలకుండా నిలబడ్డ ఆ మనుషుల పేరు అడిగి ఒక చిన్న చీటీ మీద రాసి ఉంటే, ఈరోజు మన కాలనీల్లో ఎవరో ఒకరు ఇది మా ముత్తాత అని చెప్పుకునేవాళ్లు. నాణెం మీద రాజు పేరును పట్టి పట్టి చదివిన మనిషి, మనిషి పేరు అడగలేదు. థర్‌స్టన్ పని మీద మనకున్న అసలు ఫిర్యాదు ఇదే. కొలతల సిద్ధాంతం తప్పని లోకమే ఒప్పుకుంది. పేరు లేని చీటీని మాత్రం ఇప్పటికీ ఎవరూ సరిచేయలేదు.

ఏ వస్తువును చూపించాలో ఎంచుకోవడంలోనూ ఒక చూపు ఉంటుంది. ఒడిశా వైపు కొంధు కొండల నుంచి ఏనుగు తల ఆకారంలో ఉన్న మెరియా బలి స్తంభం మద్రాసు మ్యూజియానికి చేరింది. చూసిన ప్రతివాడికీ కొంధులంటే నరబలే గుర్తుకొస్తుంది. వాళ్ల పసుపు తోటలు, పాటలు, నేత గుడ్డలు వెనక్కి పోతాయి. భయపెట్టేదీ వింతగా ఉండేదీ ముందు వరసలో పెడితే ఒక జాతి మొత్తం ఆ వింతగానే మిగిలిపోతుంది. మనకూ అదే జరిగింది. ఎలుకలు పట్టేవాళ్లు, పాములు పట్టేవాళ్లు అన్న మాటకు మించి మన గురించి చాలామందికి ఏమీ తెలియదు.

ఆయన వెళ్లాక

థర్‌స్టన్ 1908లో మ్యూజియం పని ముగించాడు. ఇంగ్లండు వెళ్లాక కూడా మూఢనమ్మకాలు, శకునాల మీద ఒక పుస్తకం, మద్రాసు ప్రెసిడెన్సీ మీద మరొకటి రాశాడు. చివరి రోజులు కార్న్‌వాల్ అనే సముద్రపు ఒడ్డు ప్రాంతంలో గడిపాడు. అక్కడ మనుషులను వదిలి మొక్కల మీద పడ్డాడు. ఆ ప్రాంతపు మొక్కలు, చెట్ల మీద పుస్తకాలు రాశాడు. 1935 అక్టోబరులో పెంజాన్స్ ఊళ్లో కన్నుమూశాడు.

ఆయన మద్రాసు వదిలిన మూడేళ్లకు, 1911లో, నేరస్థ తెగల చట్టం మద్రాసు ప్రెసిడెన్సీకి వచ్చింది. పుట్టుకతోనే కొన్ని జాతులను దొంగలని ముద్ర వేసిన చట్టం అది. మన యానాదుల్లోనూ కొందరిని దాని కింద నమోదు చేశారు. ఠాణాకు వెళ్లి హాజరు వేయించుకోవాల్సిన బతుకు వచ్చింది. ఆ చట్టాన్ని థర్‌స్టన్ చేశాడని చెప్పడం న్యాయం కాదు. కానీ జాతిని బట్టి మనిషి గుణం చెప్పవచ్చన్న ఆలోచన ఆ పుస్తకాల్లోనూ ఉంది, ఆ చట్టంలోనూ ఉంది.

ఆ ముద్ర చెరపడానికి నెల్లూరులో ఒక మనిషి బతుకంతా పనిచేశాడు. వెన్నెలకంటి రాఘవయ్య గారు. ఆదిమజాతి సేవక్ సంఘం ద్వారా యానాదుల కోసం నిలబడ్డారు. 1952 ఆగస్టు 31న దేశమంతటా ఆ చట్టం రద్దయింది. ఆయన 1962లో యానాదుల మీద ఇంగ్లీషులో పుస్తకం రాశారు. 1973లో ప్రభుత్వం పద్మభూషణ్ ఇచ్చింది. థర్‌స్టన్ పుస్తకం చదివినవాళ్లు ఆ తర్వాత ఈ పుస్తకం కూడా చదవాలి. ఒకటి పరికరం పట్టుకుని వచ్చినవాడిది, రెండోది పక్కన కూర్చున్నవాడిది.

థర్‌స్టన్ కూర్చున్న కుర్చీలోకి 1940లో ఎ. అయ్యప్పన్ అనే మలయాళీ పండితుడు వచ్చాడు. మనుషుల ముక్కులు కొలవడం కన్నా వాళ్ల తిండి, అప్పులు, భూమి, కూలి గురించి అడగడం ముఖ్యమని తలచినవాడు. మద్రాసు రాష్ట్రంలోని ఆదివాసుల సామాజిక, ఆర్థిక స్థితి మీద ఆయన నివేదిక 1948లో వచ్చింది. ఒకే మ్యూజియం, ఒకే కుర్చీ. అడిగే ప్రశ్న మారింది. ప్రశ్న మారితే జవాబూ మారుతుంది.

ఇప్పుడు మన వంతు

శ్రీహరికోట దీవిని అంతరిక్ష కేంద్రం కోసం 1969లో ఎంచుకున్నారు. 1971 అక్టోబరు 9న అక్కడినుంచి మొదటి రాకెట్ లేచింది. దీవిలో బతికిన మన కుటుంబాల్లో చాలామంది ఈ వైపు ఊళ్లకు చేరారు. అప్పటికి పదిహేనేళ్ల పిల్లలుగా ఉన్నవాళ్లు ఇప్పుడు డెబ్బై దాటుతున్నారు. దీవిలోని గుంటల పేర్లు, దిబ్బల పేర్లు, ఏ చెట్టు కింద ఏ దేవుడు ఉండేవాడో వాళ్లకే తెలుసు. నైలాను వలలు వచ్చాక ఊతలు, మావులు అల్లేవాళ్లు తగ్గిపోయారు. రొయ్యల గుంటలు వచ్చాక మనవాళ్లు చేపలు పట్టిన చాలా నీళ్లు వేరేవాళ్ల కంచెల్లోకి పోయాయి. ఇంకో ఇరవై ఏళ్లు ఆగితే అడగడానికి ఎవరూ ఉండరు.

థర్‌స్టన్ దగ్గర నేర్చుకోవలసింది ఇక్కడుంది. ఆయన ఓపిక నేర్చుకుందాం, ఆయన మరిచింది మనం మరవకుండా ఉందాం. ప్రతి కాలనీలో ఇద్దరు ముగ్గురు పిల్లలు చాలు. ఒక మందపాటి నోటుబుక్కు కొనండి. అదే మన రిజిస్టరు. ఒక్కో వస్తువుకు, ఒక్కో పాటకు, ఒక్కో మూలికకు ఒక నంబరు. దాని పక్కన మనవాళ్లు పిలిచే పేరు ఉన్నదున్నట్టు. ఎవరు చేశారు, ఎవరు పాడారు, ఏ ఊరు, ఎవరి దగ్గర నేర్చుకున్నారు. రాసిన తేదీ. రాసినవాడి పేరు కూడా.

ఫోనుతో ఫొటో తీసేటప్పుడు వస్తువు పక్కన ఒక స్కేలు పెట్టండి, సైజు తెలుస్తుంది. మనిషిని తీస్తే ముందు అడగండి, తీశాక పేరు రాయండి. పాట రికార్డు చేసేముందు పాడేవాళ్ల చేత వాళ్ల పేరూ ఊరూ చెప్పించండి. వాళ్ల గొంతులోనే ఆ చీటీ ఉండిపోతుంది. ఒక్క ఫోన్లోనే దాచకండి. ఫోను పోతే అన్నీ పోతాయి. రెండు చోట్ల పెట్టండి. అల్లిన బుట్టలను నేల మీద పెట్టకండి, గాలి తగిలేచోట వేలాడదీయండి, నెలకోసారి దులిపి చూడండి.

అవ్వ వద్దంటే వద్దు. కొన్ని మూలికల సంగతి, కొన్ని పూజల సంగతి బయటికి చెప్పకూడదని పెద్దలు అనుకుంటే వాటిని నోటుబుక్కులో కూడా ఎక్కించకండి. వయనాడు ఆడవాళ్లకు వద్దనే హక్కు ఉందని ఆ దొరకు తట్టలేదు. మన ఇంట్లో మన అవ్వకు ఆ హక్కు ఉండాలి.

వీలైతే ఒకసారి ఎగ్మూరు వెళ్లి రండి. మన స్టేషను నుంచి మద్రాసు వంద కిలోమీటర్ల లోపే. మ్యూజియానికి వారపు సెలవు ఏ రోజో ముందే కనుక్కుని, ఆ రోజు తప్ప చూసుకోండి. గిరిజనుల వస్తువులున్న గదిలో నిదానంగా తిరగండి. ప్రతి వస్తువు పక్కన ఉన్న చీటీ చదవండి. దానిమీద ఏముందో, ఏం లేదో రాసుకోండి. చేసినవాడి పేరు ఎన్నింటి మీద ఉందో లెక్కపెట్టండి. ఆ లెక్క మన సంఘానికి పంపండి.

పెద్ద చదువులు చదివే పిల్లలు ఇంకో మాట ఆలోచించండి. మ్యూజియాల్లో వస్తువుల బాధ్యత చూసే ఉద్యోగాలు, పురావస్తు శాఖలో, గిరిజన సంక్షేమ శాఖ పరిశోధనలో, విశ్వవిద్యాలయాల్లో ఉద్యోగాలు మనకూ ఉన్నాయి. చరిత్ర, మానవశాస్త్రం, మ్యూజియం నిర్వహణ చదివితే ఆ తలుపులు తెరుచుకుంటాయి. అద్దాల బీరువాకు ఇవతల నిలబడి చూడటమే మన రాత కాదు. దాని తాళం చేతులు మన పిల్లల చేతిలో కూడా ఉండొచ్చు.

ఎడ్గార్ థర్‌స్టన్ కష్టపడి పనిచేసిన మనిషి. ఆయన రాసి ఉండకపోతే మన తాతల ఇంటిపేర్లు కొన్ని, బతుకుతెరువులు కొన్ని కాగితం మీదకే ఎక్కేవి కావు. అందుకు ఆయనకు రుణపడి ఉన్నాం. ఆయన కొలిచింది మాత్రం మన ముక్కునే, మనల్ని కాదు. ఆ ఖాళీ నూటపాతికేళ్లుగా అలాగే ఉంది. దాన్ని నింపగలిగినవాళ్లు ఇప్పుడు మన కాలనీల్లో పదో తరగతి, ఇంటరు, డిగ్రీ చదువుతున్నారు. ఈ ఆదివారమే మొదలుపెట్టండి. ఇంట్లో అందరికన్నా పెద్దవాళ్ల దగ్గర కూర్చోండి. నోటుబుక్కు తెరిచి ఒకటో నంబరు వేయండి. దాని పక్కన ముందు వాళ్ల పేరు రాయండి.